నాన్న జైల్లో ఉంటే పిల్లలకు ఏం చెప్పాలి, ఎవరిని కలవాలి

"నాన్న దుబాయ్ వెళ్లాడు" అని మాత్రం చెప్పకండి. వీధిలో ఎవరి నోటో నిజం విన్న రోజు బిడ్డ మిమ్మల్నీ నమ్మదు. ఆరేళ్ల పిల్లకు రెండు మాటలు చాలు: "నాన్న అడవివరం జైల్లో ఉన్నాడు. అందులో నీ తప్పేం లేదు." రెండోది పదేపదే చెప్పాలి. తమ అల్లరి వల్లే ఇలా అయిందని చాలామంది పిల్లలు లోలోపల కుమిలిపోతారు, పైకి అనరు.

ములాఖాత్‌కు, అంటే జైల్లో నాన్నను కలవడానికి, ఈ-ములాఖాత్ పోర్టల్లో ముందే నమోదు చేసుకోండి, గుర్తింపు కార్డులు పట్టుకెళ్లండి. తనిఖీ ఉంటుందని, నాన్నను ముట్టుకోలేకపోవచ్చని ముందురోజే చెప్పండి. రానంటే బలవంతం వద్దు. బొమ్మ గీసి పంపినా చాలు.

బడిలో నమ్మకమైన ఒక్క టీచరుకే చెప్పండి.

ఇల్లు గడవకపోతే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో మిషన్ వాత్సల్య (పిల్లల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వ పథకం) స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టండి. అర్హులైతే నెలకు 4,000 రూపాయలు. నగరాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. బిడ్డను చూసే దిక్కే లేకపోతే వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.