మూడో వరుస నుంచి చూడండి: సెకండ్ హ్యాండ్ ఏడు సీట్ల బండి కొనేవాళ్ళకు

ఏడు సీట్ల పాత బండి చూడ్డానికి వెళ్ళినవాళ్ళు సాధారణంగా ముందు బానెట్ ఎత్తుతారు. నేనైతే ముందు మూడో వరుసలోకి ఎక్కి కూర్చుంటాను. ఇంజన్‌లో లోపముంటే డబ్బులు పోసి బాగుచేయించుకోవచ్చు. మోకాళ్ళు పట్టని సీటును మాత్రం ఏ మెకానిక్కూ పెంచలేడు.

మాది కావలి. ఇంట్లో మావారు, నేను, మోకాలి ఆపరేషన్ అయిన అత్తయ్య, తొమ్మిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి, చాన్నాళ్ళకు పుట్టిన చంటిది. స్విఫ్ట్‌లో ఎలాగో సర్దుకున్నాం గానీ, చంటిదానికి విడిగా సీటు పెట్టాల్సి వచ్చేసరికి ఇక కుదరలేదు. నెల్లూరు ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకున్న మా మరిదిని వెంటబెట్టుకుని గూడూరు నుంచి ఒంగోలు దాకా బళ్ళు చూశాం. ఇనుము సంగతి అతను చూశాడు, మనుషుల సంగతి నేను చూసుకున్నాను.

బండి వెతికే ముందు ఒక కాగితం మీద ఎవరు ఎక్కడ కూర్చుంటారో రాయండి. ఏడాదికోసారి తిరుపతి వెళ్ళే రోజును తలుచుకుని రాయొద్దు, మామూలు రోజుల్లో ఎవరెవరు ఎక్కుతారో చూసి రాయండి. మా లెక్కలో అత్తయ్యకు రెండో వరుసలో ఎడమ డోరు పక్క, చంటిదానికి అదే వరుసలో కుడి పక్క. అంటే పెద్దపిల్లలిద్దరూ రోజూ మూడో వరుసే. మా అమ్మాయి ఇప్పటికే నా అంత ఎత్తు. అందుకని మూడో వరుస పేరుకుంటే చాలదు, నిజంగా కూర్చునేలా ఉండాలి. మీ ఇంట్లో వెనక వరుస పండక్కి చుట్టాలొస్తేనే అవసరమైతే మీ లెక్క వేరు. అప్పుడు చిన్న బండి చాలు, డబ్బు మిగులుతుంది.

చాలామంది గమనించని చిక్కు ఇంకొకటి ఉంది. రెండో వరుసలో పిల్లల సీటు బిగిస్తే ఆ పక్క సీటు ఇక ముందుకు జరగదు. అంటే ఆ వైపు నుంచి మూడో వరుసకు దారి మూసుకుపోయినట్టే. అందుకే పిల్లల సీటు రోడ్డు వైపు, అంటే కుడి పక్కన పెట్టి, ఎడమ వైపు దారి వదలాలి. కానీ ఎడమ పక్క అత్తయ్య కూర్చుంటే పిల్లలు ఎక్కాక ఆమె ఎక్కాలి, ఆమె దిగాక పిల్లలు దిగాలి. స్కూలు దగ్గర రోజూ ఇది జరిగే పనేనా? నడుమ దారి ఉండే విడి సీట్ల ఇన్నోవాలో ఈ గొడవ లేదు. మేం ఒక పద్ధతికి వచ్చాం: అత్తయ్య ఉన్న రోజు ఆమె ముందు సీట్లో, నేను చంటిదాని పక్కన. బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు పిల్లల సీటు కూడా పట్టుకెళ్ళి బిగించి చూడండి. దాన్ని తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు సీటు మడతలో ఉన్నాయో లేదో వేళ్ళు పెట్టి వెతకండి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో తప్పనిసరని 2019 చట్ట సవరణలో పెట్టారు, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాలే అనే మాట మానేయడానికి జరిమానా దాకా అక్కర్లేదనుకోండి.

పెద్దవాళ్ళను కూడా తీసుకెళ్ళండి. మా అత్తయ్య ఇన్నోవా ఎక్కడానికి పైనున్న పిడి పట్టుకుని రెండుసార్లు ఆగింది. ఎర్టిగాలో కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకుంది. మా ఇంట్లో సగం నిర్ణయం అక్కడే అయిపోయింది.

ఇక సామాను. ఏడుగురూ కూర్చుంటే డిక్కీ ఏమాత్రం మిగులుతుందో ప్రకటనల్లో గట్టిగా చెప్పరు. 2018 తర్వాతి ఎర్టిగాలో అన్ని సీట్లూ నిలబెడితే 209 లీటర్లు, ఇన్నోవా క్రిస్టాలో 300, రెనో ట్రైబర్‌లో 84. లీటర్లు మనకు అర్థం కావు గానీ, ట్రైబర్ వెనక స్కూలు బ్యాగులు పట్టాక ఉలవపాడు మామిడికాయల బుట్టకు చోటుండదని మాత్రం చెప్పగలను. వెనక సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు, అప్పుడు అదే బండికి 625 లీటర్లు. సీఎన్జీ బండైతే సిలిండర్ డిక్కీలోనే కూర్చుంటుంది. ఆ సిలిండర్‌కు మూడేళ్ళకోసారి పరీక్ష చేయించాలి. చేయించిన కాగితం అడగండి, కిట్ ఆర్సీలో ఎక్కిందో లేదో చూడండి.

ఏ బండి అంటారా? ఎర్టిగా దొరకడం తేలిక, పార్టులు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. 2012 నుంచి వచ్చిన పాత రకం కంటే 2018 నవంబర్ నుంచి వచ్చిన కొత్త రకంలో మూడో వరుస నయం. అన్నిటికంటే కింది మోడల్‌లో వెనకకు వేరే ఏసీ బ్లోయర్ ఉండదు, మన ఎండల్లో దాని జోలికి పోవద్దు. డీజిల్ ఎర్టిగా 2020తో ఆగిపోయింది. పాత ఇన్నోవా 2.5 డీజిల్ గట్టి బండే. అయితే దానికి ఇంజన్ లోపలి భాగాలను జతగా తిప్పే టైమింగ్ బెల్ట్ ఉంటుంది, తెగితే ఇంజన్‌కే ఎసరు. మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసి ధర మాట్లాడండి. 2016లో వచ్చిన క్రిస్టాకు బెల్టు బదులు చైను, ఆ బెంగ లేదు. మహీంద్రా మరాజో బాగుంటుంది, కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2018లో 4 స్టార్లు తెచ్చుకుంది, కానీ రోడ్ల మీదే తక్కువ. కియా కారెన్స్ 2022లోనే వచ్చింది కాబట్టి ధర ఇంకా దిగలేదు. మారుతి ఈకో ఏడు సీట్ల బండి చవకే గానీ ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది, ఏసీ ఉండదు, పసిపిల్లలతో కష్టం. షెవర్లే ఎంజాయ్, టవేరా ఎంత తక్కువకు వచ్చినా నేను ముట్టను. 2017తో ఆ కంపెనీ ఇక్కడ అమ్మకాలే ఆపేసింది.

డీజిలా, పెట్రోలా అన్నదానికి మా మరిది ఒకే ప్రశ్న అడిగాడు: "వదినా, రోజూ ఎంత దూరం తిప్పుతారు?" స్కూలు, బజారు, స్టేషన్ అంతే అన్నాను. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ బళ్ళలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. హైవే ఎక్కకుండా ఊళ్ళోనే తిప్పితే అది పూడుకుపోయి లైటు వెలుగుతుందట. వారానికోసారి కర్నూలో హైదరాబాదో పోయేవాళ్ళకు డీజిల్, మాలాంటివాళ్ళకు పెట్రోల్ అని తేల్చేశాడు.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. ఇది ఎక్కడో రాసినవి చదివితే తెలియదు. మనది సముద్రం ఒడ్డు. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా ఉప్పు గాలి. అంతకంటే పెద్ద చిక్కు రొయ్యల చెరువుల దగ్గర తిరిగిన బళ్ళు. వెనక సీట్లు మడిచి మేత బస్తాలు, రొయ్యల పెట్టెలు మోస్తారు. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు కార్పెట్ కిందికి దిగి లోపలే ఉంటాయి. పైన చూస్తే బండి తళతళలాడుతుంది. మూడో వరుస మడిచి కార్పెట్ ఎత్తండి. సీటు బిగించిన బోల్టులు, పట్టాలు ఎర్రగా పొక్కులు లేచి ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు. తర్వాత బండిని ర్యాంప్ మీద ఎక్కించి సైలెన్సర్, బ్రేకు పైపులు, షాకప్‌లు బిగించే చోట టార్చి వేసి చూడాలి. కింద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే అనుమానించండి. ఒంగోలు దగ్గర చూసిన ఒక బండికి అలాగే కొట్టి ఉంది. మా మరిది స్క్రూడ్రైవర్‌తో గీకితే రంగుతో పాటు రేకు కూడా పొట్టులా ఊడొచ్చింది. "బో కష్టపడి రంగేశారు వదినా" అని లేచి వచ్చేశాడు.

రెండోది వరద. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో, కోవూరు వైపు ఎన్ని ఇళ్ళు మునిగాయో మనకు తెలుసు. ఆ ఇళ్ళ ముందు బళ్ళూ ఉంటాయి కదా. చెన్నై 2015 డిసెంబర్‌లో ఒకసారి, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకు ఒకసారి మునిగింది. అక్కడి బండి ఇక్కడికి రావడానికి ఒక పూట చాలు. మునిగిన బండిని పట్టుకోవాలంటే సీటు బెల్టును చివరిదాకా లాగండి. సీటు తుడుస్తారు, డ్యాష్‌బోర్డు తుడుస్తారు, బెల్టు మడతల్లో చివర ఉన్న బురద గీత మాత్రం పోదు. మూడో వరుస బెల్టులు కూడా లాగండి, అక్కడ అసలే తుడవరు. స్టెప్నీ తీసి దాని గుంట చూడండి, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి ఇనుప కడ్డీల మీద తుప్పుందేమో చూడండి. అద్దాలన్నీ ఎక్కించి ఏసీ వేస్తే ముక్కిపోయిన వాసన వస్తోందా? బండి నిండా సెంటు కొట్టి ఉంటే అదీ ఒక సమాధానమే.

యాక్సిడెంట్ అయిందా అని అడిగితే ఎవరూ అవునని చెప్పరు. నెల్లూరులో మాకు చూపించిన బళ్ళ ప్రకారం అయితే ఈ జిల్లాలో డాక్టర్లు తప్ప ఎవరూ కార్లు కొనలేదు. ప్రతిదీ డాక్టరుగారి బండే, ప్రతిదీ సింగిల్ హ్యాండే. మాటలు వదిలేసి ఇన్సూరెన్స్ పాలసీ కాగితం అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక శాతం ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిచే కొద్దీ అది 20, 25, 35, 45, 50 అని పెరుగుతుంది. ఆరేళ్ళ బండికి అక్కడ సున్నా ఉంటే నిరుడు ఏదో క్లెయిమ్ చేసినట్టో, పాలసీ మధ్యలో వదిలేసినట్టో. రెండిట్లో ఏదో నింపాదిగా అడగండి. అన్నట్టు ఆ బోనస్ అమ్మినవాళ్ళదే, మీకు రాదు.

మీటరు వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు. అందుకని మీటరును వదిలి మిగతావి చూడాలి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. 2019 బండి 30 వేలు తిరిగిందంటూ నాలుగు టైర్లూ నిరుటివి ఉంటే లెక్క కుదరదు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ నున్నదనం, డ్రైవర్ సీటు అంచు చూడండి. బండి నంబరు చెప్పి కంపెనీ సర్వీసు రికార్డు తీయించుకోండి. టాప్ మీద క్యారియర్ బిగించిన గుర్తులు, వేగాన్ని కట్టడి చేసే స్పీడ్ గవర్నర్ తీసేసిన వైర్లు కనిపిస్తే అది ఒకప్పుడు పసుపు ప్లేటుతో తిరిగిన ట్యాక్సీ కావచ్చు.

తోలి చూడ్డానికి పొద్దున్నే కబురు లేకుండా వెళ్ళండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే మీకంటే ముందు ఎవరో స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజన్ మొదటిసారి ఎలా పలుకుతుందో వినడం ముఖ్యం. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోందేమో చూడాలి. మళ్ళీ మధ్యాహ్నం రెండింటికి ఇంకోసారి రండి, ఈసారి ఇంటిల్లిపాదీ. అందరినీ ఎక్కించి, ఏసీ పెట్టి, హైవే మీద కాసేపు పోనివ్వండి. ఒక్కడే కూర్చుని తోలితే ప్రతి బండీ బాగానే లాగుతుంది. నిండా మనుషులతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుందో లేదో తెలుస్తుంది. వెనక కూర్చున్నవాళ్ళకు చల్లగాలి తగలడానికి ఎంతసేపు పట్టిందో అడగండి. గతుకుల్లో వెనక నుంచి ఏ శబ్దం వచ్చినా పిల్లలే ముందు చెప్తారు.

కాగితాలు. 2019కి ముందు బండైతే ఏపీ 26 నెల్లూరు, ఏపీ 27 ప్రకాశం అని చూడగానే తెలిసేది. ఆ తర్వాత జిల్లాకో నంబరు తీసేసి రాష్ట్రమంతా ఏపీ 39తో మొదలుపెట్టారు కాబట్టి నంబరు చూసి ఊరు చెప్పలేం, ఆర్సీలో చిరునామా చదవాలి. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, చలాన్లు ఎన్ని అని చూడండి. లోన్ తీరిందని నోటితో చెప్తే చాలదు, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్సీలో లోన్ తీయించే ఫారం 35 చేతికి రావాలి. బదిలీకి ఫారం 29, 30 కావాలి. కొన్న 30 రోజుల్లో మీ పేరు మీదికి మార్చుకోవాలి, ఇన్సూరెన్స్‌కు 14 రోజులే. బ్రోకర్ దగ్గర సంతకాలు పెట్టిన ఫారాలు ఉంటాయి, అసలు ఓనర్ ఎక్కడో ఉంటాడు. ఆయనతో ఒక్కసారైనా నేరుగా మాట్లాడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. తమిళనాడు బండి, ఢిల్లీ డీజిల్ బండి చవగ్గా వస్తాయి. అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు అన్నీ కలిపాక ఎంతవుతుందో ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి. పదేళ్ళు నిండిన డీజిల్ బళ్ళ మీద ఢిల్లీలో ఆంక్షలు పెట్టబట్టే అవి ఇంత దూరం రావడం మొదలైంది.

మేం చివరికి 2019 ఎర్టిగా పెట్రోల్ తీసుకున్నాం, కోవూరు వైపు ఒక కుటుంబం దగ్గర, నడుమ బ్రోకర్ లేకుండా. బడ్జెట్‌లో 60 వేలు ముందే విడిగా పెట్టాను. ఇన్సూరెన్స్, పేరు మార్పిడి, రెండు టైర్లు, బ్యాటరీ, ఆయిళ్ళు, బ్రేకు ఫ్లూయిడ్, కూలెంట్, ఏసీ సర్వీసు దాన్లోంచే పోయాయి. చేతిలో ఉన్నదంతా బండి ధరకే పోస్తే మొదటి నెలే అప్పు చేయాలి.

బేరం తెగాక డబ్బు ఇచ్చే ముందు రెండో తాళం అడగండి. ఇప్పటి తాళాల్లో చిప్ ఉంటుంది, కొత్తది చేయించాలంటే వేలల్లో పని. ఎక్కడో పడిపోయిందంటే, ఆ పోయిన తాళం పనిచేయకుండా చేయించే ఖర్చుతో సహా ధరలో తగ్గించమనండి.