పడమటి గోడ వేడి ఇలా తగ్గించాం

విజయవాడలో మాది పడమటి వైపు ఫ్లాట్. మే నెలలో రాత్రి పదింటికి కూడా బెడ్‌రూమ్ గోడ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలేది. మధ్యాహ్నం తాగిన ఎండని ఇటుక గోడ రాత్రికి లోపలికి వదులుతుంది మరి. కిటికీ పైన సన్‌షేడ్ ఉన్నా లాభం లేదు, సాయంత్రం ఎండ కిందకి దిగి నేరుగా అద్దం మీద పడుతుంది. లోపల మందపాటి కర్టెన్లు వేసినా అంతే, అద్దం దాటిన వేడిలో చాలావరకు గదిలోనే ఉండిపోతుంది.

అందుకే కిటికీకి బయటివైపు, కాస్త గాలి ఆడేలా వెదురు తడికలు కట్టించాను. ముదురు మెరూన్ గోడకి పగుళ్లు పూడ్పించి, ఎండని తిప్పికొట్టే తెల్ల పెయింట్ రెండు కోట్లు వేయించాను. అసోసియేషన్‌ని ఒప్పించడమే అసలు టెన్షన్, ఎలివేషన్, అంటే బిల్డింగ్ బయటి రూపు, పాడవుతుందట! ఇప్పుడు ఏసీ 26లో పెట్టినా చాలు, అర్ధరాత్రి కట్టేస్తున్నాం. తెల్ల గోడ దుమ్ము పట్టి మాసిపోతే ఫలితం తగ్గుతుంది, ఏటా ఎండాకాలం ముందు ఓసారి కడిగించాలి.