ఊరి కోసం, న్యాయం కోసం సంఘ ప్రార్థన ఎలా రాయాలి? ఎలా నడిపించాలి?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆదివారం ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన, అంటే ఇతరుల కోసం దేవుణ్ని అడిగే ప్రార్థన, తప్పకుండా ఉంటుంది. చాలాచోట్ల అది "బీదలను, విధవరాండ్రను, అనాథలను జ్ఞాపకం చేసుకో ప్రభువా" అన్న ఒక్క ముక్కతో తేలిపోతుంది. మాట మంచిదే. కానీ అది వింటుంటే ఎవరి ముఖమూ కళ్ల ముందుకు రాదు, ఆరాధన అయ్యాక ఎవరింటికి వెళ్లాలో కూడా తెలియదు. అలాగని అన్నీ విప్పి చెప్పేస్తే ఊళ్లో గొడవలవుతాయి. ఈ రెండింటికీ మధ్యగా ప్రార్థన రాసుకునే పద్ధతి ఇది. ముప్పై ఇళ్ల సంఘానికైనా, మూడు వందల ఇళ్ల సంఘానికైనా సరిపోతుంది.

ముందు విని రావాలి

సోమవారం నుంచి బుధవారం లోపు ఇద్దరు ఊళ్లోకి వెళ్లాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. మగవాళ్లిద్దరే వెళితే సగం ఇళ్లలో సగం మాటలే వినపడతాయి. సంత, రేషన్ షాపు, ఆసుపత్రి వరండా, బస్టాండు తిరిగితే చాలు. పాస్టరు గారు వెళ్లకపోవడమే మంచిది, ఆయన్ని చూడగానే అందరూ "అంతా బాగుందయ్యగారూ" అంటారు.

అడగాల్సినవి మూడే. ఏం జరిగింది? ఎన్నాళ్లయింది? ఇప్పటిదాకా ఎవరికి చెప్పుకున్నారు? మూడోది మర్చిపోవద్దు. పెన్షన్ ఆగిన ముసలాయన అసలు పంచాయతీకే వెళ్లలేదని తేలితే చేయాల్సిన పని మారుతుంది, దాంతో ప్రార్థన కూడా మారుతుంది.

లేచి వచ్చేముందు అనుమతి అడగండి: "ఆదివారం ప్రార్థనలో పెట్టమంటారా? పేరు చెప్పమంటారా, వద్దంటారా?" వాళ్లు తటపటాయిస్తే వద్దనే లెక్క. సంఘానికి రాని ఇళ్లలో కూడా ఇలాగే అడగాలి. ఫోటోలు తీయొద్దు.

వంద పేజీల నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకోండి: తేదీ, విషయం, అనుమతి ఉందా, మనం చేసేది. పేర్లు రాయొద్దు, గుర్తుకు ఒక అంకె వేసుకోండి. ఏ అంకె ఎవరిదో ఆ ఇద్దరికి తెలిస్తే చాలు.

మైకు దగ్గరికి తేకూడనివి

ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషి సంగతి పేరు లేకుండా చెప్పినా ఊరు పోల్చేస్తుంది. ఆ రాత్రి మళ్లీ దెబ్బలు తినేది ఆవిడే. అలాంటిది ఇద్దరు ముగ్గురు పెద్ద స్త్రీలు ఆమెతో విడిగా కూర్చుని ప్రార్థించాల్సిన సంగతి. స్త్రీల సహాయ నంబరు 181 ఆమెకు నోటికి వచ్చేలా చెప్పాలి. పిల్లల మీద లైంగిక అఘాయిత్యమని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. "ప్రార్థనలో పెట్టాం కదా" అంటే చట్టం ఒప్పుకోదు. 1098 పిల్లల సహాయ నంబరు. కోర్టులో ఉన్న భూమి తగాదాలను కూడా బయటే ఉంచండి, రెండు పక్షాల వాళ్లూ అదే చాప మీద కూర్చుని ఉండవచ్చు.

ఒక మనవిని రాయడం

గురువారం రాత్రి రాయడానికి కూర్చోండి. ఎంత పెద్ద ఊరైనా మనవులు అయిదుకు మించొద్దు. ఆరోది వచ్చేసరికి వెనక వరస పిల్లల్ని సముదాయించడంలో పడిపోతుంది.

ప్రతి మనవిలో నాలుగు ముక్కలుండాలి: దేవుడు అన్న మాట, మనుషులు, మనం అడిగేది, మన చేతి పని. నలభై నుంచి అరవై మాటల్లో ముగించాలి. ఉదాహరణకు, మామూలుగా వినపడే ప్రార్థన ఇలా ఉంటుంది:

"ప్రభువా, రావిచెట్టు వీధిలో చివరింటి అబ్బాయి ఇటుక బట్టీలో చిక్కుకున్నాడు. ఆ దుర్మార్గుడైన సర్దారు చేతిలోంచి విడిపించు."

ఇందులో మూడు ప్రమాదాలున్నాయి. ఇల్లు తెలిసిపోయింది. అబ్బాయి ఇంకా బట్టీలోనే ఉన్నాడు, సాయంత్రానికల్లా ఈ మాట ఫోనులో సర్దారుకు చేరుతుంది. పైగా దాదన్‌కు, అంటే అడ్వాన్సు ఇచ్చి వలస కూలికి, మనుషుల్ని తీసుకెళ్లే సర్దారు చాలాసార్లు పక్క ఊరి వాడే అయి ఉంటాడు, వాళ్లమ్మ మూడో వరసలో కూర్చుని ఉండవచ్చు. ఇంత చేసీ ఆ ఇంటికి మనం చేసేదేమిటో ఒక్క ముక్క లేదు. అదే మనవిని ఇలా రాయవచ్చు:

"బిగబట్టిన కూలి మొరపెడుతుందని, ఆ మొర నీ చెవిన పడుతుందని నీ వాక్యంలో ఉంది ప్రభువా. దసరా దాటాక బట్టీలకు వెళ్లిన మా వాళ్లను తలుచుకో. లెక్క తేలక ఇంటికి రాలేనివాళ్లకు ధైర్యం ఇవ్వు. లెక్క రాసే చేతితో నిజం రాయించు. ఈ వారం కార్మిక అధికారి దగ్గరికి కాగితం పట్టుకెళ్లే మా ఇద్దరికీ బెరుకు పోగొట్టు. వాళ్లొచ్చేదాకా ఆ ఇళ్లలో పొయ్యి ఆరకుండా చూసే పని మాది, మమ్మల్ని మరవనివ్వకు."

మొదటి ముక్క యాకోబు పత్రిక 5:4 నుంచి వచ్చింది. దుర్మార్గుడన్న మాట పోయి "లెక్క రాసే చేతితో నిజం రాయించు" వచ్చింది. సర్దారు తల్లి కూడా దానికి ఆమేన్ అనగలదు. చివరి రెండు వాక్యాలు సంఘం నెత్తిన బరువు పెట్టాయి. ఆ బరువు మోసేవాళ్లు శుక్రవారం నాటికి దొరక్కపోతే ఆ వాక్యాలు కొట్టేయండి. చేయని పనిని దేవుని ముందు చేస్తామనడం కంటే మనవి పొట్టిగా ఉండడం నయం.

ఆ కాగితం గురించి రెండు మాటలు. అడ్వాన్సు అప్పు చూపించి మనిషిని కదలనివ్వకపోతే అది 1976 చట్టం నిషేధించిన వెట్టిచాకిరి, కలెక్టరు దాకా వెళ్లాల్సిన విషయం. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లే కూలీలకు 1979లో విడిగా చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వెట్టిలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలు దొరుకుతాడు. 15100కు ఫోను చేయవచ్చు. మనవి రాసేవాళ్లకు ఇవి తెలిసి ఉంటే మనం అడిగేది గాలిలో ఉండదు.

ఏ సంగతికి ఏ వాక్యం

న్యాయం అనగానే అందరూ మీకా 6:8 తీస్తారు. ప్రతి వారం అదే చదివితే పదును పోతుంది. కూలి సంగతికి ద్వితీయోపదేశకాండము 24:14-15 ఉంది, పొద్దు గుంకకముందే కూలి చేతిలో పెట్టమంటుంది. పొలాల ఊళ్లలో ఇంతకంటే త్వరగా అర్థమయ్యే వాక్యం దొరకదు. అప్పుకు పొలాలు, పిల్లలు తాకట్టు పడ్డ సంగతికి నెహెమ్యా 5. నోరు లేనివాళ్ల తరఫున మాట్లాడడానికి సామెతలు 31:8-9. ఉపవాస కూడిక రోజున యెషయా 58:6-7. అధికారుల కోసం 1 తిమోతి 2:1-2, అక్కడ మాత్రం పదవి పేరు చెప్పండి, పార్టీ పేరు, మనిషి పేరు వద్దు. ఎన్నికల ముందు నెల ఇంకా జాగ్రత్త.

కష్టాన్ని పాపానికి శిక్షగా చూపే మాట ప్రార్థనలో రాకూడదు. కుష్ఠు వచ్చి తగ్గిన మనిషి, బిడ్డ పోయిన తల్లి అక్కడే కూర్చుని ఉంటారు. "మన మధ్యనున్న బీదలు" అన్నా వాళ్లకు తల వాలిపోతుంది. "మా ఇళ్లలో బియ్యం నిండుకున్న రోజు" అంటే అందరూ అందులోకి వస్తారు.

ఏ భాషలో?

ఈ జిల్లాల్లో ఒకే కూడికలో తెలుగు, ఒడియా, గజపతి కొండల వైపైతే సవర, రాయగడ వైపైతే కువి మాట్లాడేవాళ్లు కూర్చుంటారు. "ఆలకించుము, అనుగ్రహింపుము, దయచేయుము" అని వరసగా పోతే పక్కన నిలబడి ఒడియాలో చెప్పే మనిషి రెండో వాక్యానికే తడబడతాడు. రోజూ మాట్లాడుకునే మాటల్లోనే రాయండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ ఊళ్లో గ్రాంథికంలో ప్రార్థించాలని పట్టుబట్టడం కొంచెం విడ్డూరమే.

ఒక్కో వాక్యం పన్నెండు మాటలు దాటకూడదు. వాక్యం చెప్పి ఆగాలి, అనువాదం అయ్యాకే రెండోది. ప్రతి మనవి చివర అందరూ కలిసి ఒక మాట అంటే బాగుంటుంది: తెలుగులో "ప్రభువా, మా మొర ఆలకించు", ఒడియాలో "ప్రభు, ఆమొరొ ప్రార్థనా శుణొ". ఆ రెండే బోర్డు మీద రాయండి, చదువు రానివాళ్లకు రెండో ఆదివారానికల్లా నోటికి వచ్చేస్తాయి. అనువాదం చెప్పేవాళ్లకు కాగితం శనివారమే ఇవ్వాలి. అప్పటికప్పుడు చెప్పిస్తే "కూలి బకాయి" కాస్తా "డబ్బు సమస్య"గా మారిపోతుంది, మనవికి ప్రాణమైన మాట పోతుంది.

ఆదివారం

మనవి చదవడానికి, అనువాదానికి రెండు నిమిషాలు, మౌనానికి అర నిమిషం. అయిదు మనవులకు పన్నెండు, పదమూడు నిమిషాలు పడుతుంది. మౌనాన్ని కీబోర్డుతో నింపొద్దు. నాలుగుసార్లు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలితే అర నిమిషం, లెక్కకు అది చాలు.

ఒక్కో మనవిని ఒక్కొక్కరు చదవాలి. కూలి సంగతి కూలికి వెళ్లే మనిషి చదివితే వినేతీరే వేరు. కాగితం విడిచి సొంతంగా అందుకునేవాళ్లు ప్రతి సంఘంలో ఒకరుంటారు. ప్రార్థన ప్రసంగమైపోయి, ఎవరికో చురకలు కూడా పడతాయి. ఆ మనిషికి చివరి ఆశీర్వాద ప్రార్థన అప్పజెప్పండి, నొచ్చుకోడు. రాత్రి కూడికైతే పది గంటల నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. ఇరుగుపొరుగు కోసం ప్రార్థిస్తూ వాళ్ల నిద్ర చెడగొట్టడం ఎటూ బాగుండదు.

బియ్యం ఇచ్చేటప్పుడు

చేతి పనిలో ఎక్కువసార్లు వచ్చేది బియ్యమే. రోజూ అన్నం వండేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడం మిజోరం సంఘాల్లో 1910 నుంచి ఉన్న అలవాటు. పెద్దవాళ్ల పిడికిట్లో సుమారు 40 గ్రాములు పడతాయి. 25 ఇళ్లు నెల రోజులు తీస్తే 30 కిలోలు, అంటే మూడు ఇళ్లకు పదేసి కిలోలు. ఉప్పుడు బియ్యం, పచ్చి బియ్యం ఒకే సంచిలో కలపకండి. రెండింటికీ ఉడికే సమయం వేరు, అన్నం పాడై తీసుకున్న ఇల్లు చిన్నబుచ్చుకుంటుంది. వానాకాలంలో పదిహేను రోజులకొకసారి డబ్బాలు ఖాళీ చేయకపోతే పురుగు పడుతుంది.

ఇచ్చేచోట ప్రార్థన పెట్టకూడదు. బలవంతం, మోసం, ప్రలోభం చూపి మతం మార్చడాన్ని నిషేధించే చట్టం ఒడిశాలో 1967 నుంచి ఉంది, అందులో కానుక కూడా ప్రలోభం కిందికే వస్తుంది. చట్టం మాట అటుంచినా, బియ్యం సంచి ముందు పెట్టుకుని కళ్లు మూయమంటే ఆకలితో ఉన్న మనిషి కాదనలేడు. ప్రార్థన ఆదివారం గుడిలో అయిపోయింది. బియ్యం మంగళవారం వెళుతుంది, బ్యానరు, ఫోటో లేకుండా. ఏ మతం ఇల్లయినా కొలత ఒకటే.

సెప్టెంబరు చివర ఒక మనవి

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి అదే తేదీన విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానకు గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కాబట్టి తుపాను మనవిని గాలి మొదలయ్యాక కాకుండా సెప్టెంబరు ఆఖరి ఆదివారం పెట్టండి. అందులో చేతి పని ఇలా ఉండవచ్చు: గుడి తాళం రెండోది ఎవరి దగ్గరుంటుందో చెప్పడం, కొండవాలు ఇళ్లలో నడవలేనివాళ్లను ఎవరు మోసుకొస్తారో తేల్చడం, రెండు టార్చీలు, నీళ్ల డ్రమ్ము, కిరసనాయిలు లేకపోతే కొవ్వొత్తులు గుడిలో పెట్టి ఉంచడం. ఆ ఆదివారం ప్రార్థన కాగానే తాళం తీసి చూడండి, తుప్పు పట్టిన తాళం అప్పుడే బయటపడుతుంది.

నోటుపుస్తకం మళ్లీ తీయాలి

నెల చివరి బుధవారం ఆ ఇద్దరూ పుస్తకం తీసి ప్రతి అంకె ముందు ఒకటి రాయాలి: తీరింది, నడుస్తోంది, ఆగింది. తీరినవాటికి ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే స్తుతి చెప్పండి. అనుమతి ప్రార్థనకు ఇచ్చారు గానీ సాక్ష్యానికి ఇవ్వలేదు. ఆగినవాటిని మూడు వారాలు ఒకే మాటల్లో చదవకుండా, ఎక్కడ ఆగిందో కనుక్కుని మనవిని తిరగరాయండి: "కాగితం అందింది, సంతకం పడలేదు" అని. ఏడాది తిరిగాక పుస్తకం నిండితే దాన్ని గుడి బీరువాలో పెట్టకుండా కాల్చేయండి, కొత్తది కొనేటప్పుడు అట్ట మీద కూడా పేరు రాయొద్దు.