పాస్‌వర్డ్ కరెక్టే, అయినా కంప్యూటర్ మళ్లీ మళ్లీ అడుగుతోందా?

పదే పదే పాస్‌వర్డ్ అడుగుతుంటే చాలామంది వెంటనే చేసే పని పాస్‌వర్డ్ మార్చేయడం. దయచేసి ఆ పని ముందే చేయకండి. పాత పాస్‌వర్డ్ మెయిల్ ప్రోగ్రామ్‌లో, బ్రౌజర్‌లో, ఫోన్‌లో ఎక్కడెక్కడో దాచి ఉంటుంది. మీరు మార్చగానే అవన్నీ పాతదానితోనే తలుపు తట్టి, కుదరక, ఒక్కొక్కటీ మిమ్మల్ని అడగడం మొదలుపెడతాయి. ఒక చోట ఉన్న తలనొప్పి నాలుగు చోట్లకు పాకుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. అసలు అడుగుతున్నది ఎవరు? విండోస్సా, మెయిల్ ప్రోగ్రామా, వెబ్‌సైటా, పక్క గదిలోని ఇంకో కంప్యూటరా, వైఫైయా? స్క్రీన్ మీదికి వచ్చిన డబ్బాలో పైన రాసి ఉన్న పేరు చదవండి. అది రాకముందు మీరు ఏం తెరిచారో, ఏం నొక్కారో గుర్తు చేసుకోండి. ఇది తేలితే సగం పని అయిపోయినట్టే.

కాసేపు లేచి వెళ్లి వస్తే చాలు, మళ్లీ అడుగుతోంది

ఇది చాలావరకు సెట్టింగ్ వల్లే. విండోస్ 11లో సెట్టింగ్స్, అకౌంట్స్, సైన్-ఇన్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. మీరు కంప్యూటర్ దగ్గర లేకపోతే మళ్లీ ఎప్పుడు సైన్-ఇన్ అడగాలో ఎంచుకునే వరుస ఒకటి అక్కడ ఉంటుంది. దాన్ని ‘నెవర్’ చేస్తే స్లీప్ నుంచి లేచినప్పుడు అడగదు. అదే పేజీలో ‘డైనమిక్ లాక్’ కూడా చూడండి. అది ఆన్‌లో ఉంటే, బ్లూటూత్‌తో జత చేసిన ఫోన్ దూరమైన కాసేపటికే కంప్యూటర్ లాక్ అయిపోతుంది. ఫోన్ జేబులో వేసుకుని పక్క గదిలోకి వెళ్లేవాళ్లకు రోజంతా ఇదే గోల. స్క్రీన్ సేవర్ సెట్టింగ్‌లో ‘ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్’ పక్కన టిక్ ఉన్నా అడుగుతుంది.

కదలకుండా ఒకే చోట ఉండే కంప్యూటర్‌కైతే ఇవి తీసేసినా పెద్దగా ఇబ్బంది లేదు. ల్యాప్‌టాప్‌కు మాత్రం తీయకండి. అది పోయిందంటే దానితోపాటు మీ మెయిల్, మీ ఫోటోలు అన్నీ పరుల చేతికి వెళ్తాయి. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండి విసుగొస్తుంటే పిన్ పెట్టుకోండి. పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం కాబట్టి అది బయటపడినా దానితో మీ ఆన్‌లైన్ అకౌంట్‌లోకి వెళ్లలేరు.

సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పు అంటోంది

క్యాప్స్ లాక్, నమ్ లాక్ చూసుకున్నారా? అయితే ఇక కీబోర్డు భాష చూడండి. తెలుగు టైపింగ్ వాడే ఇళ్లలో ఇది తరచూ జరుగుతుంది. లాగిన్ స్క్రీన్‌లో కింద కుడి మూలన ప్రస్తుత భాష కనిపిస్తుంది. విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే మారుతుంది. పాస్‌వర్డ్ గడి చివర ఉండే కన్ను గుర్తును నొక్కి పట్టుకుంటే మీరు నిజంగా ఏం కొట్టారో కనిపిస్తుంది. ఒక కీ పనిచేయకపోయినా అక్కడే బయటపడుతుంది.

ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రమే అడుగుతుంటే అది తప్పు కాదు. మీది పరిమిత అధికారాలున్న స్టాండర్డ్ అకౌంట్, అది అడిగేది మార్పులు చేసే అధికారం ఉన్న అడ్మిన్ అకౌంట్ పాస్‌వర్డ్. మీ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా తీసుకోదు.

బ్రౌజర్‌లో మెయిల్ తెరుచుకుంటుంది, మెయిల్ ప్రోగ్రామ్ మాత్రం అడుగుతూనే ఉంటుంది

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. డబ్బా వస్తుంది, పాస్‌వర్డ్ కొడతారు, ‘రిమెంబర్’ దగ్గర టిక్ పెట్టి ఓకే నొక్కుతారు. అర నిమిషం ఆగి అదే డబ్బా, అదే ఖాళీ గడితో మళ్లీ వస్తుంది. తప్పు అని కూడా చెప్పదు. దాంతో పాస్‌వర్డే మర్చిపోయామేమో అని మన మీద మనకే అనుమానం మొదలవుతుంది.

మీ పాస్‌వర్డ్‌లో తప్పేమీ లేదు. లోపలికి రానిచ్చే పద్ధతి మారింది, అంతే. ఒకప్పుడు మెయిల్ ప్రోగ్రామ్ మీ పాస్‌వర్డ్‌ను నేరుగా సర్వర్‌కు పంపేది. గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత అకౌంట్లకు అలా పాత పద్ధతిలో వచ్చే ప్రోగ్రామ్‌లను ఆపేసింది. మైక్రోసాఫ్ట్ కూడా తన వ్యక్తిగత ఔట్‌లుక్ మెయిల్‌కు 2024 సెప్టెంబర్ 16 నుంచి ఆపేసింది. ఇప్పుడు ప్రోగ్రామ్ ఆ కంపెనీ సైన్-ఇన్ పేజీ తెరిచి, మీరు అక్కడ అనుమతి ఇచ్చాక ఒక టోకెన్ (పాస్‌వర్డ్ బదులు చూపించే డిజిటల్ అనుమతి చీటీ) తీసుకుని దానితో పని నడపాలి. ఈ పద్ధతి పేరు ఓఆత్.

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడుతుంటే అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ తెరిచి, ‘అథెంటికేషన్ మెథడ్’ దగ్గర ‘ఓఆత్2’ ఎంచుకోండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మెయిల్ రావడానికి ఒక సర్వర్, పంపడానికి ఇంకో సర్వర్. ఔట్‌గోయింగ్ సర్వర్ దగ్గర కూడా అదే మార్చకపోతే, వచ్చే మెయిల్స్ వస్తాయి కానీ ఒక మెయిల్ పంపబోతే మళ్లీ డబ్బా ప్రత్యక్షమవుతుంది. థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో కుకీలు (సైట్లు మీ లాగిన్ గుర్తుంచుకోవడానికి దాచే చిన్న సమాచారం) ఆపేసి ఉంటే సైన్-ఇన్ పేజీ పనిచేయదు, అది కూడా చూడండి. ఇతర ప్రోగ్రామ్‌లలో అకౌంట్ తీసేసి మళ్లీ చేర్చడం తేలిక. తీసేసే ముందు, మెయిల్స్ సర్వర్‌లో కూడా ఉన్నాయో లేదో బ్రౌజర్‌లో తెరిచి చూసుకోండి. పాత పాప్ పద్ధతిలో దించుకున్న మెయిల్స్ మీ కంప్యూటర్‌లో మాత్రమే మిగిలి ఉండొచ్చు.

ప్రోగ్రామ్ మరీ పాతదై ఓఆత్ తెలియకపోతే, జీమెయిల్‌కు ‘యాప్ పాస్‌వర్డ్’ అనే దారి ఉంది. టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) ఆన్ చేసుకున్నాక గూగుల్ అకౌంట్‌లో 16 అక్షరాల పాస్‌వర్డ్ ఒకటి తయారవుతుంది. మెయిల్ ప్రోగ్రామ్‌లో మీ మామూలు పాస్‌వర్డ్ బదులు అది కొట్టాలి. అయితే అసలు గూగుల్ పాస్‌వర్డ్ మార్చిన రోజున ఈ యాప్ పాస్‌వర్డ్‌లు రద్దయిపోతాయి. మొదట్లోనే మార్చొద్దని చెప్పింది ఇందుకే. ఔట్‌లుక్ మెయిల్‌కైతే కొత్త పద్ధతి తెలిసిన ప్రోగ్రామే వాడండి.

విండోస్‌లో ఔట్‌లుక్ ప్రోగ్రామ్ ఇంకా అడుగుతుంటే, దాచిన పాత పాస్‌వర్డ్ అడ్డుపడుతోందేమో చూడాలి. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ పేరుతో మొదలయ్యేవి తీసేయండి. తర్వాత ఒక్కసారి అడుగుతుంది, అది సహజం.

పక్క కంప్యూటర్‌లోని ఫోల్డర్ తెరవబోతే ‘నెట్‌వర్క్ క్రెడెన్షియల్స్’ అడుగుతోంది

ఇక్కడ అడిగేది మీ ముందున్న కంప్యూటర్ పాస్‌వర్డ్ కాదు, ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌ది. పిన్ ఇక్కడ పనిచేయదు, పాస్‌వర్డే కావాలి. అవతలి అకౌంట్‌కు అసలు పాస్‌వర్డే లేకపోతే? మామూలుగా విండోస్ ఖాళీ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ ద్వారా రానివ్వదు. గడిని ఖాళీగా వదిలి ఎన్నిసార్లు ఓకే కొట్టినా ఫలితం ఉండదు.

నన్నడిగితే శుభ్రమైన దారి ఇది: ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ (ఆ కంప్యూటర్‌కే పరిమితమైనది) తెరిచి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఫోల్డర్‌కు మాత్రమే అనుమతి ఇవ్వండి. యూజర్ నేమ్ కొట్టేటప్పుడు ముందు అవతలి కంప్యూటర్ పేరు, తర్వాత బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత అకౌంట్ పేరు రాయండి. బ్యాక్‌స్లాష్ ముందు ఏ కంప్యూటరో చెప్పకపోతే మీ సొంత కంప్యూటర్ పేరునే పట్టుకోవచ్చు. అందరికీ తెరిచిపెట్టే షేరింగ్ జోలికి మాత్రం వెళ్లకండి. విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని ఎలాగూ మొదట్నుంచే ఆపేసి ఇస్తున్నారు. నెట్‌వర్క్‌కు తగిలించిన పాత స్టోరేజీ బాక్సులు ఒక అప్‌డేట్ తర్వాత హఠాత్తుగా తెరుచుకోకపోవడానికి ఇదొక కారణం. దాంట్లో కూడా ఒక యూజర్‌ను తయారు చేయడమే మందు.

వెబ్‌సైట్లు రోజూ మళ్లీ లాగిన్ అవ్వమంటున్నాయి

కుకీ అంటే ఒకసారి లోపలికి వెళ్లినప్పుడు చేతికిచ్చే టోకెన్ లాంటిది. అది పారేస్తే మళ్లీ గేటు దగ్గర ఆపుతారు. బ్రౌజర్ మూసినప్పుడు కుకీలు తుడిచేసే సెట్టింగ్ క్రోమ్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ ఉంది. ప్రైవసీ విభాగంలో చూసి ఆపండి. ‘క్లీనర్’ ప్రోగ్రామ్‌లు చెప్పకుండా తుడిచేస్తుంటాయి, వాటి అవసరం నిజానికి లేదు. పాత కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చండి. గడియారం తప్పితే సైట్లు సరిగా తెరుచుకోవు, ఫోన్‌లో వచ్చే 30 సెకన్ల కోడ్‌లైతే ఫోన్ గడియారం మీద ఆధారపడతాయి.

బ్యాంకు సైట్లు కొన్ని నిమిషాలకే బయటకు పంపేస్తే అది మీ మంచికే.

ఒక జాగ్రత్త. వెబ్‌పేజీ మధ్యలో సైన్-ఇన్ విండోలా కనిపించేది నకిలీ కావచ్చు. దాన్ని పట్టుకుని బ్రౌజర్ అంచు దాటి బయటకు లాగి చూడండి. అంచు దాటి రాకపోతే అది విండో కాదు, పేజీలో గీసిన బొమ్మ. అందులో ఏమీ కొట్టకండి.

మ్యాక్, లైనక్స్

మ్యాక్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేశాక ‘లాగిన్ కీచెయిన్’ అంటూ అడుగుతుంటే, పాస్‌వర్డ్‌లు దాచే ఆ కీచెయిన్ ఇంకా పాత పాస్‌వర్డ్‌తోనే తాళం వేసి ఉందన్నమాట. పాతది గుర్తుంటే అదే కొట్టండి. లేకపోతే కీచెయిన్ యాక్సెస్ సెట్టింగ్స్‌లో ‘రీసెట్ డిఫాల్ట్ కీచెయిన్స్’ ఉంది. అందులో దాచినవి పోతాయి, కాబట్టి చివరి ప్రయత్నంగానే వాడండి. లైనక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడుతూ ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్నవాళ్లను, పాస్‌వర్డ్‌లు దాచే ‘కీరింగ్’ అడుగుతుంది. లాగిన్‌లో పాస్‌వర్డ్ కొట్టలేదు కాబట్టి దానికి తాళం తీసే దారి లేదు. ఆటోమేటిక్ లాగిన్ తీసేస్తే సరి.

ఇవన్నీ చేసినా ఆగకపోతే

కంప్యూటర్‌లో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి, అందులో అదే ప్రోగ్రామ్ ఒకటి రెండు రోజులు వాడి చూడండి. అక్కడా అడుగుతుంటే తేడా ప్రోగ్రామ్‌లోనో అవతలి సర్వర్‌లోనో ఉంది. అక్కడ అడగకపోతే పాత ప్రొఫైల్ పాడైందని అర్థం. విండోస్ లోకల్ అకౌంట్ పాస్‌వర్డ్‌ను యజమాని స్వయంగా కాకుండా ఇంకో అడ్మిన్ రీసెట్ చేసినప్పుడు, దాచిన పాస్‌వర్డ్‌లు చదవడానికి వీల్లేకుండా పోవడం కూడా ఉంటుంది. అప్పుడు ఫైళ్లు కొత్త అకౌంట్‌లోకి కాపీ చేసుకుని అందులోనే కొనసాగండి. ఇకమీదట పాస్‌వర్డ్ మార్చాల్సి వస్తే లాగిన్ అయి ఉండి, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి ‘చేంజ్ ఎ పాస్‌వర్డ్’ దగ్గర మార్చండి. అలా మారిస్తే దాచినవి దాచినట్టే ఉంటాయి.