తొలకరికి ముందే తల లైటు సంగతి చూసుకోండి

పోయిన వానాకాలం ఒక రాత్రి పదిన్నరకు బోరు దగ్గర స్టార్టర్ డబ్బా మూత తీసి నిలబడ్డాను. తలకు కట్టుకున్న లైటు టక్కున ఆరిపోయింది. ముందుగా వెలుగు తగ్గడం, మినుకుమనడం ఏమీ లేదు. ఒక చేతిలో మూత, ఇంకో చేతిలో టెస్టర్, కాళ్ల కింద బురద. ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంది. చేతులు వెనక్కి తీసుకుని, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలకుండా నిలబడి, ఒక్కో అడుగూ తడుముకుంటూ గట్టెక్కాను. ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి లైటు కొనే తీరు, వాడే తీరు రెండూ మార్చుకున్నాను. వానలు మొదలవకముందే మీరూ ఒకసారి చూసుకోవాలని ఇది రాస్తున్నాను.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టారు. అయినా రాత్రి పూట పొలానికి వెళ్లే పని పోలేదు. మోటారు ట్రిప్ అవుతుంది, వానకు గట్టు తెగుతుంది, మడవ తిప్పాలి, పందులు పడకుండా కాపలా కాయాలి. చేతిలో పార ఉన్నప్పుడు టార్చి పట్టుకోవడం కుదరదు కాబట్టి తల లైటు అవసరమే. రెండు మూడు వందల రూపాయల లైటైనా చాలు, చూసి కొనుక్కుంటే.

అసలు చూడాల్సింది సెల్లు. ఈ లైట్లలో ఎక్కువగా వచ్చేది 18650 అనే లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి ఆ పేరు. దాని మీద 9900 ఎంఏహెచ్ (సెల్లు ఎంత ఛార్జింగ్ పట్టుకుంటుందో చెప్పే కొలత) అని ముద్ర కనిపిస్తే నమ్మకండి. ఆ సైజు సెల్లులో మంచి కంపెనీలు కూడా మామూలుగా పెట్టగలిగేది 3500 దాకానే, చవక లైట్లలో వచ్చేవి అంతకంటే బాగా తక్కువ. సెల్లు ఊడివచ్చే రకమైతే కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి. అసలైనది 45 గ్రాముల దరిదాపుల్లో తూగుతుంది. 30 గ్రాములు కూడా లేదంటే లోపల సరుకు లేనట్టే.

లెక్క కూడా సులువే. సెల్లులో నిజంగా 2000 ఎంఏహెచ్ ఉండి, పెద్ద వెలుగులో లైటు 500 మిల్లీ యాంపియర్లు లాగితే నాలుగు గంటలు వస్తుంది. చిన్న వెలుగులో 100 లాగితే ఇరవై గంటలు. అందుకే రెండు మూడు స్థాయిలున్న లైటే కొనండి. కొన్న రోజే నిండా ఛార్జింగ్ పెట్టి, పెద్ద వెలుగులో వేసి, ఎప్పుడు ఆరిందో గడియారం చూసి రాసుకోండి. నా లైటు డబ్బా మీద పన్నెండు గంటలని ఉంది, వచ్చింది రెండుంపావు. ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి అలా ఇరుక్కునేవాణ్ణి కాదు. టక్కున ఆరిపోవడానికి కారణం కూడా తర్వాతే తెలిసింది. లిథియం సెల్లు మరీ ఖాళీ అయితే పాడవుతుంది కాబట్టి లోపలి చిన్న సర్క్యూట్ ఒక్కసారిగా కరెంటు ఆపేస్తుంది. మామూలు పెన్సిల్ సెల్లులు అలా కాదు, వెలుగు మెల్లగా తగ్గుతూ ముందే చెబుతాయి. వాటితో నడిచే లైటు కూడా మంచిదే, కాకపోతే పాత సెల్లులూ కొత్త సెల్లులూ కలిపి వేయకండి, పని లేని నెలల్లో తీసి పక్కన పెట్టండి. లోపలే ఉంటే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి.

వెనక మడిచే రెండు పిన్నులుండి నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చే రకం లైట్లు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిలో చవకవాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక కెపాసిటర్‌తోనే ఛార్జింగ్ సర్క్యూట్ సరిపెడతారు. అంటే ప్లగ్గులో ఉన్నంతసేపూ లోపలి తీగల్లో మెయిన్ కరెంటు ఉన్నట్టే. తడి చేతులతో ముట్టుకోవద్దు, పగిలిన పెంకుతో ఛార్జింగ్ పెట్టవద్దు, పిల్లలకు అందనివ్వవద్దు. ఫోన్ ఛార్జర్‌తో ఎక్కే రకం కొనడం మేలు. దాన్ని కూడా మంచం మీదో గడ్డివాము పక్కనో కాకుండా సిమెంటు గచ్చు మీద, మనం మేలుకుని ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టాలి. ఉబ్బిన సెల్లు, పై తొడుగు చిరిగిన సెల్లు వాడొద్దు. అదనపు సెల్లును తాళాలతో కలిపి జేబులో వేసుకుంటే షార్ట్ అయి తొడ కాలుతుంది, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి.

కొట్లో ఇంకో పరీక్ష చేయండి. ఎరుపు, పసుపు, నీలం వైరు ముక్కలు మూడు తీసుకెళ్లి ఆ వెలుగులో చూడండి. మరీ నీలంగా కొట్టే లైట్లలో ఎరుపు గోధుమ రంగులా కనబడి, పాత వైర్ల దగ్గర తికమక పెడుతుంది.

కరెంటు పని విషయంలో తల లైటుతో ఒక చిక్కుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కదా అని రెండూ డబ్బాలో పెట్టేస్తాం. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయే కరెంటు గుండె మీదుగా పోతుంది. మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్‌తో చూసుకుని, పొడి చెక్క మీద నిలబడి అప్పుడు మూత తీయండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే మాత్రం వెలుగు ఎంత బాగున్నా చేయి పెట్టకండి. లైన్‌మన్‌ను పిలవండి, లేదా 1912కు ఫోన్ చేయండి.

నడిచేటప్పుడు ఇంకో సంగతి, చాలామంది గమనించనిది. నుదుటి మీది లైటు మన చూపుతో పాటే పోతుంది, అందుకే వస్తువుల నీడలు వాటి వెనకే ఉండిపోతాయి. గుంత, ఎండుకొమ్మ, చుట్టచుట్టుకున్న రక్తపింజర అన్నీ నేలతో సమానంగా కనిపిస్తాయి. అదే లైటు తీసి మోకాలి ఎత్తులో పట్టుకుంటే చిన్న రాయికి కూడా పొడవైన నీడ పడుతుంది. ఇంటి వెనక ఒక తాడు ముక్క వేసి రెండు రకాలుగా చూడండి, తేడా మీకే తెలుస్తుంది. కాబట్టి గట్టు మీద నడిచేంతసేపూ లైటు చేతిలో కిందికి పట్టుకోండి, పని దగ్గరికి వెళ్లాక తలకు కట్టుకోండి. కుక్క కళ్లు, సాలీడు కళ్లు లైటుకు మెరుస్తాయి, పాము కళ్లు అలా మెరవవు. మెరుపు లేదు కదా అని అడుగేయకండి. మోకాలి దాకా బూట్లు, చేతిలో కర్ర ఉండాల్సిందే. ఒకవేళ కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు కట్టడం వద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి వెళ్లడమే.

వాన కోసం కొట్లో ఐపీఎక్స్4 అన్న గుర్తు అడగండి, చినుకులకు ఆగుతుంది. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత మూసి ఉందో లేదో బయల్దేరే ముందు వేలితో నొక్కి చూసుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో తల లైటు గుమ్మం పక్క మేకుకు వేలాడుతుంది, దాని పక్కనే పెన్సిల్ సెల్లుల చిన్న టార్చి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఛార్జింగ్. బయల్దేరేటప్పుడు టార్చి చొక్కా జేబులో, ఫోన్ పాలిథిన్ కవరులో, ఏ బోరు దగ్గరికి వెళ్తున్నానో, ఎన్నింటికి వస్తానో ఇంట్లో ఒక మాట.