అక్షరాలతో బొమ్మలు – 3వ పాఠం: కూలిన ఇళ్ల సంగతి

ఈసారి నీడలు వేయడం మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠంలో అక్షరాలతో గీసి ఎవరికైనా పంపమన్న ఇల్లు సగం మంది దగ్గర అవతలికి చేరేసరికే కూలిపోయింది. నీడలు వచ్చే పాఠంలో చూద్దాం.

మనం గీసింది ఇది:

```
    /\
   /  \
  /____\
  |    |
  |_/\_|
```

అవతల కనిపించింది ఇది:

```
/\
/ \
/____\
| |
|_/\_|
```

ఫాంట్ ఎన్నిసార్లు మార్చినా బాగుపడలేదన్నారు. బాగుపడదు, ఎందుకంటే పోయింది ఖాళీలు. వెబ్ పేజీ పక్కపక్కనున్న ఖాళీలన్నిటినీ ఒక్కటిగా కుదించేస్తుంది, వరుస మొదట్లో ఉన్నవాటినైతే అసలు లెక్కే చేయదు. బొమ్మను 'ప్రీ' ట్యాగ్‌లో (<pre>, </pre> మధ్య) పెడితే వాటి జోలికి పోదు. వాట్సాప్‌లో అయితే బొమ్మకు ముందు మూడు, చివర మూడు బ్యాక్‌టిక్‌లు (`) పెట్టండి. ఫోన్‌లో వరుస పొడుగైతే విరిగి కిందికి పడుతుంది కాబట్టి ఫోన్ కోసం గీసేటప్పుడు నేను 30 అక్షరాలు దాటను.

ఫాంట్ తప్పయితే లక్షణం వేరు. ఖాళీలు ఉంటాయి, గోడలు వంకరపోతాయి. అనుమానమొస్తే ఈ రెండు వరుసలూ అక్కడ టైప్ చేసి చూడండి:

```
||||||||||
__________
```

రెండూ ఒకేచోట ఆగితే ఫాంట్ మంచిదే. ఆగకపోతే కొరియర్, కన్సోలాస్, డెజావు శాన్స్ మోనో లాంటి సమవెడల్పు ఫాంట్ పెట్టుకోండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం: ట్యాబ్. ట్యాబ్ నొక్కితే నాలుగు ఖాళీలు పడ్డాయనుకుంటారు. ఒక్కటీ పడకపోవచ్చు. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక నంబరుగా దాచుకుంటుంది, ఆ నంబర్ల పట్టికే ఆస్కీ. ఖాళీ అంటే అందులో 32వ నంబరు. ట్యాబ్ 9వ నంబరు, అది వేరే అక్షరం. 'తర్వాతి మజిలీ దాకా జరుగు' అని మాత్రమే అది చెబుతుంది. ఆ మజిలీ ఎక్కడో ఫైల్‌లో ఉండదు, తెరిచిన ప్రోగ్రామ్ నిర్ణయిస్తుంది. టెర్మినల్‌లో మామూలుగా ఎనిమిది గడులకొకటి, చాలా ఎడిటర్లలో నాలుగింటికొకటి.

ఒక వరుసలో మూడు గీతలు, ట్యాబ్, గోడ పెట్టారనుకోండి. కింది వరుసలో ఐదు గీతలు, ట్యాబ్, గోడ. మజిలీ ఎనిమిదికైతే రెండు గోడలూ 9వ గడిలో నిలబడతాయి, చూడముచ్చటగా ఉంటుంది. మజిలీ నాలుగుకైతే మొదటి గోడ 5వ గడిలో, రెండోది 9వ గడిలో. 'నా ఎడిటర్‌లో సెట్టింగ్ మార్చుకుంటా' అంటారు. మార్చుకోండి, మీకు బాగుంటుంది. అవతలివాళ్ల ఎడిటర్‌కి మీ సెట్టింగ్ ఏం తెలుసు?

కొన్ని ఎడిటర్లు ట్యాబ్ నొక్కితే నిజంగానే ఖాళీలు పెడతాయి. 'నాకేం కాలేదే' అన్నవాళ్లంతా వాటి చలవతో గట్టెక్కినవాళ్లే. మీది ఏ రకమో ఊహించొద్దు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఖాళీలను, ట్యాబ్‌లను చూపించే ఆప్షన్ ఉంది. ఖాళీ చుక్కగా, ట్యాబ్ బాణంగా కనిపిస్తాయి. ఒక్క బాణమున్నా బొమ్మ పంపొద్దు.

నేనైతే ముందు 40 ఖాళీల వరుసలు ఇరవై పేర్చుకుని, ఇన్సర్ట్ కీ నొక్కి వాటి మీదే గీస్తాను. కొత్త అక్షరం పాతదాని స్థానంలోకి వస్తుంది, పక్కవి జరగవు. ఇక ట్యాబ్‌తో పనే రాదు. విమ్ అనే ఎడిటర్‌లో పెద్ద ఆర్ (R) నొక్కితే ఇదే పని. వర్డ్ ప్రాసెసర్‌లో మాత్రం గీయొద్దు, అది రెండు అడ్డగీతలను కలిపేసి ఒక పొడుగు గీత చేసేస్తుంది.

పాత ఎన్ఎఫ్ఓ ఫైల్ (సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే, అక్షరాల బొమ్మలుండే వివరాల ఫైల్) తెరిస్తే నెత్తిన చుక్కలున్న 'యూ'లే (Ü) కనిపించాయని ఒక ప్రశ్న. ఫైల్ పాడవలేదు. 1981 నాటి ఐబీఎం పీసీ వాడిన కోడ్ పేజీ (ఏ నంబరుకు ఏ అక్షరమో చెప్పే పట్టిక) 437లో 220వ నంబరు అంటే ▄. విండోస్ 1252 అనే పట్టికలో అదే నంబరుకు చుక్కల యూ. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఎన్‌కోడింగ్ మెనూలో ఓఈఎం-యూఎస్ (అంటే ఆ 437 పట్టికే) ఎంచుకుంటే బొమ్మ లేచి కూర్చుంటుంది.

తెలుగు అక్షరాలతో గీయొచ్చా? ప్రస్తుతానికి వద్దు. 'కి'లో రెండు కోడ్‌లు, 'క్ష'లో మూడు, తెర మీద వాటి వెడల్పు ఫాంట్‌ని బట్టి మారుతుంది. గడుల లెక్క నిలవదు.

అభ్యాసం: 30 గడుల వెడల్పు, 12 వరుసల్లో ఒక పడవ గీయండి. వాడాల్సినవి / \ _ | - ( ) మాత్రమే. దాన్ని ఈమెయిల్‌లో, చాట్‌లో, ఫైల్‌గా మూడు రకాలుగా పంపి, మూడింటినీ తిరిగి కాపీ చేసుకుని అసలుదాని పక్కన పెట్టి వరుస వరుసా పోల్చండి. తేడా వచ్చిన చోట పోయింది ఖాళీయా, విరిగింది వరుసా, మారింది అక్షరమా రాసి పెట్టుకోండి. వరుస చివరి ఖాళీలు కూడా చూడండి, అవి పోయినా కంటికి ఆనవు.