గోడ ముందు కాసేపు ఆగండి

కుడ్యచిత్రాన్ని ముందు రోడ్డుకు అవతలి వైపు నుంచి చూడండి. బొమ్మ మొత్తం కళ్లకు అందాకే దగ్గరికి వెళ్లి రంగు పొరలనూ, మూలన ఉండే సంతకాన్నీ వెతకండి. బెర్లిన్ గోడ మిగిలిన భాగం మీద 1990లో చిత్రించిన ఈస్ట్ సైడ్ గ్యాలరీ కిలోమీటరుకు పైగా సాగుతుంది. అక్కడ అన్నీ చూసేయాలని పరుగెత్తకండి, నచ్చిన నాలుగైదింటి దగ్గరే నిలవండి.

శిల్పం చుట్టూ మాత్రం తిరగాల్సిందే. షికాగోలో శిల్పి అనీష్ కపూర్ చేసిన ‘క్లౌడ్ గేట్’ అనే భారీ శిల్పాన్ని ఎదురుగా ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారిని చూస్తే నా మనసు ఊరుకోదు. దాని కిందికి వెళ్లి తల పైకెత్తండి! మెరుగుపెట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు వంపులో మీ రూపమే సాగి, మెలితిరిగి, ఎన్నో రూపాలై కనిపిస్తుంది. వీలైతే సాయంత్రం మళ్లీ వెళ్లండి, ఆకాశంతోపాటు అదీ మారుతుంది. గోడ చిత్రాలకైతే మబ్బు పట్టిన రోజే మేలు.